కరోనా ఎక్స్‌ట్రా: ఎండకు బాగుంటుంది, సీసా చూసి కొనండి

ముందు తీర్పు చెప్పేస్తాను, అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కరోనా ఎక్స్‌ట్రా గొప్ప బీరేమీ కాదు, తీసిపారేయాల్సిందీ కాదు. సరుకు కొత్తదై, సీసా బాగా చల్లబడి ఉంటే, ఏప్రిల్ మే నెలల్లో పొద్దుగూకినా మిద్దె మీద బండలు కాలుతూనే ఉండే కర్నూలులో దీనంత తేలిగ్గా గొంతు దిగే బీర్లు మన వైన్ షాపుల్లో చాలా తక్కువ. అదే సీసా షాపు ముందరి అద్దాల బీరువాలో ఎండకు నిలబడి వచ్చిందనుకోండి, అంత డబ్బు పోసి కంపు కొనుక్కున్నట్టే. మంచికీ చెడుకీ కారణం ఒక్కటే, ఆ రంగు లేని గాజు సీసా. ఈ బీరును ప్రపంచమంతా అమ్మిపెట్టింది ఆ సీసాయే, పాడుచేసేదీ అదే. ఇరవై ఒకటి నిండనివాళ్ళు వేరే రివ్యూ ఏదైనా చదువుకోండి, ఇది మీకు కాదు.

మా వైపు సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ బీరు మీద మావాళ్ళ ఫిర్యాదంతా అక్కడి నుంచే వస్తుంది. కర్నూలులో బీరంటే స్ట్రాంగే. కౌంటర్ దగ్గర "అన్నా, ఒక బీరియ్యి" అంటే ఏ బ్రాండు అని అడుగుతాడేమో గానీ స్ట్రాంగా లైటా అని అడగడు, లైట్ కావాల్సినవాడే నోరు తెరిచి చెప్పుకోవాలి. 650 మిల్లీలీటర్ల సీసా, అందులో ఎనిమిది శాతం దాకా ఆల్కహాల్, అదీ ఇక్కడి లెక్క. కరోనా చిన్న సీసా 330 మిల్లీలీటర్లు, 4.5 శాతం. లెక్కేసి చూస్తే మూడున్నర కరోనాలు తాగితే గానీ ఒక స్ట్రాంగ్ సీసాతో సమానం కాదు, ఆ మూడున్నర సీసాల ఖర్చుతో స్ట్రాంగ్ తాగేవాడు ఇంకొకణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మంచింగ్‌తో సహా ముగించేస్తాడు. మా బావ ఒకసారి సీసా ఖాళీ చేసి, కాసేపు ఏమైనా అవుతుందేమోనని ఎదురుచూసి, "ఏం బామ్మర్దీ, పిలిచి సోడా తాపిస్తివే" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. కిక్కు కోసం కొనేవాడికి ఇది శుద్ధ దండగ, అందులో మొహమాటం ఏమీ లేదు.

రుచి సంగతికొస్తే, గ్లాసులో పోసినప్పుడు ఎండుగడ్డి రంగు. నురగ పైకి లేస్తుంది గానీ నిలవదు, కాసేపటికే గ్లాసు అంచున పలచటి గీత మాత్రం మిగులుతుంది. మొదటి గుక్కలో లేత తీపి, దాని వెనక ఉడికిన మొక్కజొన్న కంకి వాసన కొద్దిగా, చేదు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. బార్లీ మాల్ట్‌తో (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పాటు మొక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యం కలిపి కాచే లాగర్ ఇది, అంటే చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టే రకం బీరు. బియ్యం కలుపుతారంటే కల్తీ అనుకోకండి, అమెరికాలో మెక్సికోలో పెద్ద కంపెనీల లాగర్లు చాలావరకు ఇదే దారి. ఒట్టి బార్లీతో చేస్తే బీరు కాస్త బరువుగా, నిండుగా ఉంటుంది, వేరే ధాన్యం కలిసేసరికి పలచబడి నీళ్ళలా దిగుతుంది. (మన కర్నూలు సోనా పోసి ఎవరైనా కాస్తే నాకు కబురు చేయండి.) బెంగళూరు మైక్రోబ్రూవరీల్లో రకరకాల బీర్లు రుచి మరిగినవాళ్ళకు ఇందులో చెప్పుకోవడానికి ఏమీ దొరకదు. నాకైతే అది లోపంగా అనిపించదు. 43 డిగ్రీల ఎండలో తిరిగొచ్చినవాడికి బీరులో నాలుగైదు వాసనలు వెతికే ఓపిక ఎక్కడుంటుంది, గొంతు తడవాలి, కడుపు బిగదీయకూడదు, అంతే కదా.

ఇంత మామూలు బీరు ప్రపంచంలో ఇంత పేరు ఎలా తెచ్చుకుంది అనేదే నాకు బీరు కన్నా ఎక్కువ కిక్కిచ్చిన విషయం. ఇది 1925లో మెక్సికో సిటీలో పుట్టింది, కాచింది సెర్వెసెరియా మొడెలో అనే బ్రూవరీ. అంటే ఇప్పటికి వందేళ్ళు దాటింది. స్పెయిన్‌లోని లియోన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన పాబ్లో దియెజ్ అనే ఆయన చేతిలో ఆ కంపెనీ పెద్దదైంది. అప్పుడు పక్కనున్న అమెరికాలో మద్యనిషేధం, 1920లో మొదలై 1933 దాకా నడిచింది. ఆ పదమూడేళ్ళూ తిహువానా, సియుదాద్ హువారెజ్ లాంటి మెక్సికో సరిహద్దు ఊళ్ళకు అమెరికావాళ్ళు తాగడానికే వచ్చిపోయేవాళ్ళు.

ఈ కథ కర్నూలువాళ్ళకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. ఆ మధ్యకాలంలో రాయచూరు, బళ్ళారి వెళ్ళే బస్సుల్లో ఎవరు ఏ పని మీద వెళ్ళేవాళ్ళో మా పెద్దవాళ్ళను అడిగితే ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు. అది మరచిపోయేలోపే 2019 అక్టోబరు నుంచి రాష్ట్రంలో షాపులన్నీ ప్రభుత్వమే నడిపిన ఐదేళ్ళు వచ్చాయి, తెలిసిన బ్రాండ్లు కనబడకుండా పోయి పేరు కూడా విననివి అరల్లోకి వచ్చాయి, రేట్లు చుక్కల్లో. మాకు తుంగభద్ర దాటితే తెలంగాణ. పుల్లూరు టోల్‌గేటు, ఆ తర్వాత అలంపూర్ చౌరస్తా, ఆ దారిలో ఆదివారం సాయంత్రాలు బండ్ల వరస చూసినవాళ్ళకు తిహువానా కథ వింతగా ఏం అనిపిస్తుంది చెప్పండి. నేను కరోనా మొదట చూసింది కూడా నది అవతలే.

మళ్ళీ మెక్సికోకు వద్దాం. సొంత దేశంలో ఇది హోదా బీరు కాదు. పనిచేసుకునేవాళ్ళు సాయంత్రం తాగే మామూలు సరుకు, అక్కడ దాదాపు లీటరు పట్టే పెద్ద సీసాల్లో కూడా వస్తుంది, తాగి ఖాళీ సీసా తిరిగిచ్చే పద్ధతి. 1981లో అమెరికాలో అడుగుపెట్టింది, టెక్సాస్‌లోని ఆస్టిన్, కాలిఫోర్నియాలోని శాన్ డియేగో దగ్గర మొదలుపెట్టారు. అక్కడే తమాషా జరిగింది. సెలవులకు మెక్సికో సముద్రతీరాలకు వెళ్ళొచ్చిన కాలేజీ పిల్లలు, అలల మీద ఆటలాడే కుర్రాళ్ళు ఆ సీసాను అక్కడ చూసి ఉన్నారు, ఇంటికొచ్చాక బార్లో అదే అడగడం మొదలుపెట్టారు. అప్పటి ఇంపోర్టెడ్ బీర్లు పచ్చ సీసాల్లోనో గోధుమరంగు సీసాల్లోనో వచ్చేవి, పెద్దమనిషి తరహాలో ఉండేవి. వాటి మధ్య ఇది పొడుగు మెడతో, లోపలి బంగారు రంగు అంతా బయటకు కనిపిస్తూ, కాగితం అంటించకుండా గాజు మీదే నీలి తెలుపు రంగుల్లో అచ్చేసిన పేరుతో నిలబడింది. దేశంలో కూలీ తాగే బీరు సరిహద్దు దాటగానే ఆఫీసర్ల బీరైపోయింది. 1980ల మధ్యకు వచ్చేసరికి అమెరికా ఇంపోర్టెడ్ బీర్లలో ముందు వరసలోకి వెళ్ళింది, 1990ల చివరికి హైనెకెన్‌ను దాటి మొదటి స్థానం పట్టుకుంది.

వాళ్ళ ప్రకటనలు చూడండి, బీరు రుచి గురించి ఒక్క ముక్క ఉండదు. బీచి, రెండు కుర్చీలు, అలల చప్పుడు, చేతిలో సీసా, మాటలు కూడా పెద్దగా ఉండవు. సముద్రం ఎరగని రాయలసీమలో కూర్చుని మనం ఆ బీచికి డబ్బులు కడుతున్నాం, అదొక విచిత్రం.

ఈ ఎదుగుదల మధ్యలో ఒక పుకారు పుట్టింది, దాన్ని ఇక్కడ చెప్పకుండా వదలలేను. 1987లో అమెరికాలో ఎవరో మొదలుపెట్టారు, మెక్సికో బ్రూవరీలో పనివాళ్ళు కరోనా ట్యాంకుల్లో మూత్రం పోస్తున్నారని. అంతే, ఊరూరా పాకింది. కొన్ని షాపులు సరుకు దింపేశాయి కూడా. అమెరికాలో ఈ బీరు దిగుమతి చేసే బార్టన్ బీర్స్ కంపెనీ ఆ పుకారు తోక పట్టుకుని వెళ్తే అది నెవాడా రాష్ట్రంలోని రెనో ఊళ్ళో హైనెకెన్ పంపిణీ చేసే ఒక స్థానిక సంస్థ దగ్గర తేలింది. కోర్టులో దావా వేశారు, చివరికి కరోనాలో ఎలాంటి కల్తీ లేదని ఆ సంస్థ బహిరంగంగా ప్రకటించేలా రాజీ కుదిరింది. వాట్సాప్ లేదు, ఫేస్‌బుక్ లేదు, అయినా ఆ వేగం చూడండి. నాకేమనిపిస్తుందంటే, అదే బీరు గోధుమరంగు సీసాలో ఉండి ఉంటే ఆ పుకారు పుట్టేదే కాదు. లోపలి రంగు కనబడుతోంది కాబట్టే ఎవడికో ఆ పాడు ఆలోచన వచ్చింది. సీసా చేసిన మేలు ఎంతో కీడూ అంతే అని నేను అంటున్నది ఇందుకే.

ఇంకో పుకారు మాత్రం తీపిది. పాబ్లో దియెజ్ తర్వాత కంపెనీని నడిపించిన ఆంతొనీనో ఫెర్నాండెజ్ కూడా స్పెయిన్‌లో లియోన్ దగ్గర సెరెసాలెస్ అనే పల్లెటూళ్ళో పుట్టి వలస పోయినవాడే. 2016లో ఆయన చనిపోయాక, తన ఊరివాళ్ళందరికీ ఆస్తి రాసిచ్చి ఒక్కొక్కణ్ణి కోటీశ్వరుణ్ణి చేశాడని ప్రపంచమంతా వార్త తిరిగింది. ఊళ్ళో ఉన్నదే ఎనభై మంది. తీరా చూస్తే అందులో నిజం లేదు, ఆస్తి వెళ్ళాల్సిన బంధువులకే వెళ్ళింది, ఊరికి ఆయన బతికుండగా చేసిన మంచి పనులు వేరే. పాపం ఆ ఊరివాళ్ళు ఎన్ని ఫోన్లకు జవాబు చెప్పుకున్నారో.

యాజమాన్యం సంగతి క్లుప్తంగా. 2013లో ఏబీ ఇన్‌బెవ్ అనే ప్రపంచంలోకెల్లా పెద్ద బీరు కంపెనీ, బడ్‌వైజర్ దాని చేతిలోదే, మొడెలోలో తన దగ్గర లేని వాటాను 20.1 బిలియన్ డాలర్లకు కొనేసింది. పోటీ లేకుండా పోతుందని అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్ళడంతో, అమెరికా వరకు కరోనా అమ్ముకునే హక్కులు, ఒక పెద్ద బ్రూవరీతో సహా, కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అనే వేరే కంపెనీకి ఇవ్వాల్సి వచ్చింది. అందుకే అమెరికాలో కరోనా ఒకరిది, మన దగ్గరకొచ్చే కరోనా ఇంకొకరిది. స్పెయిన్‌లో అయితే ఇంకో తిరకాసు, అక్కడ ఒక వైన్ కంపెనీ దాదాపు అదే పేరు ముందే రిజిస్టర్ చేసుకుని ఉండటంతో 2016 దాకా ఈ బీరును కరోనిటా అని అమ్ముకున్నారు.

ఇక 2020. ఆ పేరుతో ఒక జబ్బు ప్రపంచం మీద పడింది. బీరుకు, వైరస్‌కు సంబంధం ఉందేమోనని గూగుల్‌లో వెతికినవాళ్ళు లక్షల్లో, ఈ బీరు ఇక మూతపడ్డట్టే అని రాసినవాళ్ళు బోలెడు మంది. జరిగింది వేరు. అమెరికాలో జనం ఇళ్ళలో కూర్చుని ఇంకా ఎక్కువ కొన్నారు. ఏప్రిల్లో బీరు తయారీ నిజంగానే ఆగింది, అయితే పేరు వల్ల కాదు, అత్యవసరం కాని పరిశ్రమలన్నీ మూసేయమని మెక్సికో ప్రభుత్వం చెప్పడం వల్ల. కర్నూలులో మాకు ఆ ఏప్రిల్ ఎలా గడిచిందో వేరే చెప్పాలా, రాష్ట్రంలో ఎక్కువ కేసులు మా జిల్లాలోనే, పాతబస్తీ అంతా రెడ్ జోన్, వీధి చివర కట్టెలు అడ్డం కట్టి పోలీసులు. మే 4న వైన్ షాపులు తెరిచారు, రేట్ల మీద 25 శాతం వేశారు, చాలదన్నట్టు మర్నాటికి మొత్తం 75 శాతం చేశారు. ఆ ఎండలో, ఆ గీసిన గుండ్రాల్లో నిలబడి "అన్నా, కరోనా ఉందా?" అని కౌంటర్లో అడిగిన కుర్రాణ్ణి చూశాను. లోపలివాడు తల కూడా ఎత్తకుండా "బయట బోలెడుంది, తీసుకపో" అన్నాడు. లైన్ మొత్తం నవ్వింది, మాస్కుల వెనక నుంచి.

ఇప్పుడు సీన్ మారింది. 2024 అక్టోబరు 16 నుంచి రాష్ట్రంలో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి, లాటరీ తీసి 3,396 షాపులు ఇచ్చారు. కొత్త పాలసీలో అందరూ మాట్లాడుకున్నది 99 రూపాయల క్వార్టర్ గురించే గానీ, నా బోటివాళ్ళకు కనిపించిన తేడా ఇంకోటి, ఇంపోర్టెడ్ పేర్లున్న బీర్లు కర్నూలు షాపుల అరల్లోకి మెల్లగా తిరిగొచ్చాయి. అన్ని షాపుల్లో ఉండదు. కాస్త పెద్ద షాపుల్లో, ఏసీ ఉన్న బార్లలో దొరుకుతుంది, పాతబస్తీ చిన్న షాపులో అడిగితే మనల్ని ఎగాదిగా చూస్తారు.

అసలు గొడవ ఇక్కడే. షాపు పేరు చెప్పను గానీ, మెయిన్ రోడ్డు మీద పడమర ముఖంగా ఉండే ఒక షాపులో కరోనా సీసాలను ముందరి అద్దం వెనక వరసగా పేర్చారు, షాపుకు అందం అని. మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా వాటి మీదే, రాత్రైతే వెనక ట్యూబ్‌లైట్లు. అందులోంచి తీసిన సీసానే కూలింగ్ పెట్టి అమ్మారు. ఇంటికెళ్ళి మూత తీయగానే కాలిన రబ్బరు, కుళ్ళిన ఉల్లిగడ్డ కలిసినట్టు ఒక వాసన. మర్నాడు వెళ్ళి చెప్తే "ఫారిన్ బీరు అట్లే ఉంటాది సార్" అన్నాడు. డేటు చూపించి వాదించినా లాభం లేదు, డేటు బానే ఉంది. చెడింది డేటు వల్ల కాదు కాబట్టి.

ఎందుకు చెడుతుందో చెప్తాను, ఇది తెలిస్తే డబ్బు మిగులుతుంది. బీరుకు చేదు ఇచ్చేది హాప్స్ అనే తీగ పూలు. వాటిలోని చేదు పదార్థాల మీద వెలుతురు పడితే, ముఖ్యంగా నీలిరంగు కాంతి, కంటికి కనబడని అతినీలలోహిత కాంతి, అవి విరిగి బీరులో ఉండే గంధకంతో కలిసి ఒక కొత్త పదార్థం తయారవుతుంది. అమెరికాలో స్కంక్ అనే జంతువు శత్రువుల మీద చిమ్మే కంపు ద్రవంలో ఉండేవాటికి ఇది దగ్గరి చుట్టం. లక్ష కోట్ల పాళ్ళలో కొన్ని పాళ్ళు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. నేరుగా ఎండలో పెడితే దీనికి రోజులు కూడా అక్కర్లేదు, నిమిషాల్లో మొదలవుతుంది. గోధుమరంగు గాజు ఆ కాంతిని చాలావరకు ఆపుతుంది, పచ్చ గాజు కొంత ఆపుతుంది, రంగు లేని గాజు దాదాపు ఏమీ ఆపదు. మన స్ట్రాంగ్ బీర్లు ఆ ముదురు సీసాల్లో రావడం ఊరికే కాదన్నమాట. వేడి వల్ల కూడా బీరు చెడుతుంది, కానీ అది నెమ్మదిగా, తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది, అది వేరే జబ్బు.

కాబట్టి కొనేటప్పుడు అరలో ఉన్నది తీసుకోకండి. "పెట్టెలోది తీసివ్వన్నా" అని అడగండి, కొందరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి, మన డబ్బు. మూసిన అట్టపెట్టెలో ఉన్నంత కాలం దానికి వెలుతురు తగలదు. చల్లగా లేదంటాడు, ఇంట్లో ఫ్రిజ్ ఉంది కదా. ముందర అద్దం తలుపు ఉండి లోపల తెల్లటి లైటు ఇరవై నాలుగు గంటలూ వెలిగే కూలర్లోంచి తీసినదైతే నాకు సగం అనుమానమే. ఎక్కడైనా క్యాన్ కనబడితే రెండో ఆలోచన వద్దు, క్యాన్ తీసుకోండి, డబ్బాలోకి వెలుతురు వెళ్ళదు. ఫోటోకు బాగుండదు, అది నిజమే. బీచి పార్టీ అనుకుని మిద్దె మీద ఎండుండగానే సీసాలు వరసగా పెట్టి ఫోటోలు తీసే కుర్రాళ్ళను చూస్తుంటాను, ఆ ఫోటో తీసే పది నిమిషాల్లోనే బీరు పని అయిపోతుంది.

నిమ్మకాయ లేకుండా కరోనా కథ పూర్తికాదు. సీసా మెడలో నిమ్మముక్క దూర్చే అలవాటు ఎలా వచ్చిందని అడిగితే ఎవరి కథ వాళ్ళది. ఈగలు వాలకుండా అంటారు, మూత తుప్పు మరక తుడవడానికి అంటారు, ఒక బార్‌లో పనిచేసేవాడు పందెం కట్టి మొదలుపెట్టాడంటారు, ఏదీ రుజువు కాలేదు. నా అనుమానం మాత్రం వెలుతురు వాసన మీదే, ఎండ తగిలిన బీరు కంపును పులుపు కొంచెం కప్పేస్తుంది. అందుకే బార్లో వెయిటర్ ముందే నిమ్మముక్క దూర్చి తెస్తే నేను ఒప్పుకోను, మొదటి గుక్క ఒట్టిది తాగి చూసి, బాగుంటేనే నిమ్మ. ఈ విషయంలో మనవాళ్ళకు ఒక సుఖం ఉంది, అమెరికాలో మెక్సికన్ లైమ్ అని పిలిచే ఆ చిన్న నిమ్మ, మన మార్కెట్లో దొరికే సన్నతోలు నిమ్మ ఒకే జాతి. ఆసియాలో పుట్టిన చెట్టును స్పెయిన్‌వాళ్ళు అటు మోసుకెళ్ళారు. అంటే గూడూరు నిమ్మకాయే మెక్సికో వెళ్ళి పేరు మార్చుకుందని అనుకున్నా పెద్ద తప్పులేదు. ఫారిన్ నిమ్మ అని సూపర్ మార్కెట్లో గింజలు లేని పెద్ద పచ్చ కాయలకు డబ్బు పోయకండి.

కోసే పద్ధతి కూడా చెప్తాను. కాయను నిలువుగా నాలుగు చెక్కలు చేసి, గింజలు కత్తి మొనతో తీసేయండి, లేదంటే చివరి గుక్కల్లో గింజ నోట్లోకొచ్చి చేదు. సీసాలోంచి ముందు ఒక గుక్క తాగి మెడ దగ్గర చోటు చేయాలి. చెక్కను మెడ మీద పెట్టి కొద్దిగా పిండి, తోలు పైకుండేలా లోపలికి నొక్కేయాలి. బీరు ఒక్కసారి బుసమంటుంది, భయపడకండి, ఊపకుండా పట్టుకుంటే తగ్గిపోతుంది. మూతి బొటనవేలితో మూసి తిరగేసే విన్యాసం చూసి చేస్తారు కొందరు, వేలు తీసేటప్పుడు సగం బీరు చొక్కా మీదే. నిండా నిమ్మకాయ పిండేయడం కూడా వద్దు, అప్పుడది బీరు కాదు, నిమ్మసోడా, మా బావ మాటే నిజమవుతుంది. మెక్సికోలో మిచెలాడా అని ఒకటి చేస్తారు, గ్లాసు అంచుకు ఉప్పూ కారం అద్ది, నిమ్మరసం, సాస్‌లు పోసి పైన బీరు పోస్తారు. ఉప్పూ కారం అంటే మనకు ఎవరు నేర్పాలి. ఇంట్లో దంచిన కారంతో చేసి చూశాను, సాస్‌లు లేకుండా ఉప్పు, కారం, నిమ్మతోనే, బాగా కుదిరింది, ఈ బీరులో లేని రుచి అంతా గ్లాసు అంచు ఇచ్చేసింది.

తినడానికి పక్కన ఏం పెట్టుకోవాలంటే, నా ఓటు ఉడకబెట్టిన బుడ్డలకు, అంటే వేరుశనక్కాయలకు. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, నిమ్మ పిండి కలిపితే దీనికి అంతకంటే తోడు లేదు. మిరపకాయ బజ్జీలు బాగుంటాయి, నూనె నోటిని ఇది కడిగేస్తుంది. చేప వేపుడు బాగుంటుంది. నాటుకోడి పులుసు, సంగటి, బోటి లాంటి వాటి పక్కన మాత్రం పెట్టకండి, ఆ మసాలా ముందు ఈ బీరు ఉందో లేదో కూడా తెలియదు, వాటికి ఇంకేదైనా చూసుకోండి.

రేటు సంగతి. మిల్లీలీటరు లెక్కన చూస్తే మన మామూలు లైట్ బీరుకు రెట్టింపు పైనే పడుతుంది, బార్లో కూర్చుంటే ఇంకా వాతే. ఆ తేడా అంతా రుచిలో ఉందా అంటే లేదు. కళ్ళు మూసి, మంచి చల్లటి లైట్ లాగర్ ఏదైనా, కరోనా, రెండూ గ్లాసుల్లో పోసిస్తే పది మందిలో ఎంతమంది చెప్పగలరో నాకు అనుమానమే, నేను చెప్పగలననీ పందెం కట్టను. రోజువారీ తాగేవాడు దీని జోలికి రావడం అనవసరం. నెలకోసారి స్నేహితులతో కూర్చునేటప్పుడు, పక్కరోజు తలనొప్పి లేకుండా పనికి పోవాలనుకునేవాడికి, స్ట్రాంగ్ బీరు మబ్బు పడనివాడికి ఇది పనికొస్తుంది. అయిదు మార్కులకు మూడు ఇస్తాను, పెట్టెలోంచి తీసిన సీసా అయితే ఇంకో అర కలుపుకోండి.

ఆల్కహాల్ లేకుండా కరోనా సెరో అని ఒకటి తయారు చేస్తున్నారు, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వాళ్ళు ముందు పెట్టింది దాన్నే. కర్నూలులో నేను అడిగిన చోట్ల లేదు. బండి నడిపేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు కాబట్టి అది కూడా తెప్పిస్తే బాగుంటుందని షాపువాళ్ళకు చెప్పాను, రాసుకున్నాడు.